కొంగు మీద శనిగ్రహం

ధర్మవరంలో పట్టుచీరలకు డిజైన్లు గీసినవాళ్లు చాలామందే ఉన్నారు. నెమళ్లు, హంసలు, మామిడిపిందెలు గీసి గీసి వేళ్లు వంకర్లు పోయినవాళ్లున్నారు. కానీ శనిగ్రహాన్ని తెచ్చి చీర కొంగు మీద కూర్చోబెట్టినవాణ్ణి, నాకు తెలిసి, నేనొక్కణ్ణే. ఇది గొప్పకు చెప్పడం లేదు. చివరిదాకా చదివితే గొప్పకు కాదని మీకే అర్థమవుతుంది.

మీరిప్పుడు కంప్యూటర్ ముందు కూర్చుని ఒక బొమ్మను ఇటు లాగి, ఇంకో బొమ్మను అటు లాగి డిజైన్ చేసేస్తున్నారు. నచ్చకపోతే ఒక్క మీట నొక్కితే మాయం. మాకు గళ్ల కాగితం, ఎర్ర రంగు, సన్న కుంచె ఉండేవి. రంగు నింపిన గడి ఉన్నచోట జరీ పైకి కనిపిస్తుంది, ఖాళీ గడి ఉన్నచోట అడుగునున్న పట్టు కనిపిస్తుంది. ఆ కాగితాన్ని బట్టి అట్టలకు రంధ్రాలు కొట్టి, అట్టలన్నీ వరసగా కుట్టి మగ్గం మీదున్న జకార్డు యంత్రానికి తగిలిస్తే, నేతగాడు తొక్కిన ప్రతి తొక్కుకూ ఒక్కో అట్ట తిరిగి బొమ్మ పడుతుంది. మా పని గురించి మీకు ఇంతకు మించి అక్కర్లేదు, ఇంకో చిన్న సంగతి తప్ప. అది తర్వాత చెప్తాను, ఎందుకంటే నేను మునిగింది అక్కడే.

మాది పెనుకొండ. పొద్దున ప్యాసింజర్ ఎక్కి ధర్మవరం పోవడం, సాయంత్రం అదే రైల్లో నిద్రపోతూ తిరిగి రావడం, ముప్పై ఏళ్లకు పైగా అదే నా బతుకు. మా షావుకారు నన్ను భాయ్ అనేవాడు. ఆయన్ను చూసి షెడ్డులో అందరూ భాయ్ అనేవాళ్లు. నేను రిటైరవడానికి ఏడాది ముందనుకుంటా, హిందూపురం నుంచి ఒకామె వచ్చింది. ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచరు. భుజానికి వేసుకున్న సంచిలోంచి ముప్పై సెంటీమీటర్ల స్కేలు బయటికి పొడుచుకొచ్చి ఉంది. కూర్చోకముందే ఒక రంగు ఫోటో తీసి షావుకారు ముందు పెట్టింది.

"ఇది నా కొంగు మీద కావాలప్పా," అంది.

ఫోటోలో లేత పసుపు బంతి, దాని చుట్టూ వెడల్పాటి ఉంగరం.

"ఏమమ్మా ఇది?"

"శనిగ్రహం."

మా షావుకారు చెయ్యి ఫోటో మీంచి దానంతటదే లేచిపోయింది. "పట్టుచీర మీద ఆ సామా? వద్దమ్మా. నెమలి వేయిస్తా. ఒకటి కాదు, రెండు నెమళ్లు వేయిస్తా."

"నెమలి సూర్యుడి చుట్టూ తిరగదు గదప్పా. నేను ఉద్యోగంలో చేరి ఇరవై తొమ్మిదిన్నరేళ్లు అవుతాండాది. రెండు నెలల్లో రిటైరవుతాండా. ఈ గ్రహం సూర్యుణ్ణి ఒక్క చుట్టు తిరిగొచ్చేకి గూడా అన్నేళ్లే పడుతుంది. నేను చేరిన పొద్దు అది ఆకాశంలో యాడ ఉండెనో, ఇప్పుడు మళ్లీ ఆడికే వచ్చింది. నా సర్వీసంతా కలిపి దానికి ఒక్క సంవత్సరం. ఆఖరు క్లాసు దాని మీదే చెప్తా. ఆ పొద్దు ఈ చీర కట్టుకోవాల."

ఇంత వివరంగా చెప్పినామెను ఎవరు కాదంటారు? షావుకారు నన్ను పక్కకు పిలిచి చెవిలో చెప్పాడు. "భాయ్, నువ్వు గీయి. మీకు ఆ సామి లేడు గదా, నిన్నేం చేయడు."

"గీసేది నేను, సరే. నేసేదెవరు?"

మా షెడ్డులో ఒక నేతగాడు ఉండేవాడు. నా ఈడువాడే, పాతికేళ్లుగా జకార్డు మగ్గం మీదే ఉన్నాడు. భుజాలు ఇంతింత. ఆయన అడ్డంగా వేసే పేక పోగును దగ్గరికి తడితే పక్క మగ్గంవాడి టీ గ్లాసు కదిలేది. ఆయన నేసిన గుడ్డలో నీళ్లు పోసినా కిందికి దిగవని మేం ఏడిపించేవాళ్లం. విషయం చెబితే ఆయన మగ్గం గుంటలోంచి కాళ్లు కూడా తియ్యకుండా అన్నాడు, "నాకు ఏల్నాటి శని యాపొద్దో పట్టింది భాయ్, ఈ షావుకారు కాడ చేరిన పొద్దే. కొత్తగా పట్టేకి ఇంకేం మిగల్లేదు. అట్టలు కొట్టియ్యి."

షావుకారు మాత్రం ఆర్డరు పుస్తకంలో ఆ పేరు రాయలేదు. 'ఉంగరం బంతి' అని రాశాడు. దాంతో షెడ్డంతా దాన్ని ఉంగరం బంతి అనే పిలిచింది. టీచరు ఆకాశం కదా అని నల్లరంగు అడిగితే, ఆయన దండం పెట్టి, బతిమాలి, నేరేడుపండు రంగుకు ఒప్పించాడు. అంచులో చుక్కలు వేయమంది, అవి ఆ గ్రహానికి చందమామలట. ఎన్ని వేయాలని అడిగాను, మాకు లెక్క కావాలి కదా.

"ఎన్నంటే ఏం చెప్పేది? ఇంకా కొత్తవి కనుక్కుంటానే ఉండారు. నేను చేరినప్పుడు పాఠంలో ఉండే లెక్క ఇప్పుడు చెల్లదు. ఇప్పటి లెక్క నమ్ముకుంటే మీరు చీర ముగించేలోగా మారిపోతాది. లెక్క పెట్టుకోకుండా సుమ్నే అంచు పొడుగునా వేసేయండి," అంది.

ఇక నా తప్పుల దగ్గరికొస్తాను. ఒకటి కాదు, రెండు.

మొదటిది గర్వం వల్ల చేసింది. ఫోటోలో ఉంగరానికీ బంతికీ మధ్య సందు ఉంది. ఎక్కడా తాకడం లేదు. గళ్ల కాగితం మీద అలా గీయబోతే నా చెయ్యి ఒప్పుకోలేదు. మా పనిలో ఏ బొమ్మా ఊరికే గాల్లో ఉండదు. నెమలి ఉంటే కొమ్మ ఉంటుంది, కొమ్మ ఉంటే తీగ ఉంటుంది, తీగ పోయి అంచుకు అతుక్కుంటుంది. ఆధారం లేని బొమ్మను చూస్తే మాకు సగం పని వదిలేసినట్టుంటుంది. ఫోటో అచ్చు వేసినవాడు అక్కడ ఏదో చెరిపేసి ఉంటాడని నాకు నేనే తీర్మానం చేసుకుని, బంతి నుంచి ఉంగరానికి నాలుగు సన్నటి కాడలు గీశాను. అందంగా ఉంటుందని ఒక్కో కాడకు చిన్న మొగ్గ కూడా పెట్టాను. శనిగ్రహానికి మొగ్గలు! టీచరుకు చూపించి అడగొచ్చు కదా అంటారేమో. గీసిన గళ్ల కాగితాన్ని, అంటే గ్రాఫ్‌ను, చీర కొనేవాళ్లకు చూపించకూడదన్నది మా షావుకార్ల కట్టుబాటు. డిజైను బయటికి పోతుందని వాళ్ల భయం. ఆ కట్టుబాటు నాకూ సుఖంగానే ఉండేది, ఎవరూ తప్పు పట్టరు కాబట్టి.

రెండోది బద్ధకం వల్ల చేసింది. ఇందాక చెప్తానన్న సంగతి ఇదే. గీయబోయే ముందు, ఏ మగ్గం మీద ఆ చీర నేస్తారో ఆ మగ్గం దగ్గరికి పోయి, నేసిన గుడ్డ మీద అంగుళానికి ఎన్ని పేక పోగులు పడుతున్నాయో లెక్కపెట్టుకోవాలి. ఒక్కో నేతగాడి చెయ్యి ఒక్కో బరువు. తేలిక చేతికి గుండ్రంగా వచ్చే బొమ్మ, బరువు చేతికి పోగులు దగ్గర దగ్గరగా పడి, నిలువున అణిగిపోతుంది. నేను కొలవబోయిన రోజు ఆయన తలుపుల అనే ఊళ్లో బంధువుల పెళ్లికి పోయాడు. ఆయన మగ్గం షెడ్డు ఆ చివర, వెలుతురు లేని మూలలో ఉంది. నాకు రైలు టైమవుతోంది. తలుపు పక్కనే ఉన్న ఇంకో మగ్గం మీద లెక్కపెట్టుకుని, అంతా ఒకటే కదా అనుకుని, స్టేషనుకు పరిగెత్తాను.

నేసిన గుడ్డ నేసినట్టే నేతగాడి ముందున్న కర్రకు చుట్టుకుపోతుంది. అందుకని పెద్ద బొమ్మ పూర్తిగా ఎలా వచ్చిందో చీర కోసి పరిచేదాకా తెలియదు. ఆ చీర మగ్గం మీంచి దిగింది టీచరు ఆఖరు క్లాసుకు సరిగ్గా రెండు రోజుల ముందు. షెడ్డు మధ్యలో చాప మీద పరిచాం. నేరేడు రంగు మీద జరీ ధగధగలాడింది. కానీ బంతి బంతిలా లేదు. పైనుంచి ఎవరో కూర్చుని లేచినట్టుంది.

"ఇదేం బంతప్పా?" అన్నాడు షావుకారు. "సంగటి ముద్దను చేత్తో అదిమినట్టుండాది!"

అందరూ నా వైపు చూశారు. నాకు తలుపు పక్క మగ్గం గుర్తొచ్చింది. గుర్తొచ్చాక కూడా నా నోటినుంచి వచ్చిన మాట ఇది: "నా గ్రాఫ్‌లో తప్పు లేదు. చెయ్యి బరువైంది."

నేతగాడు నా వైపు ఒకసారి చూశాడు. షావుకారు ఆయనతో అన్నాడు, "ఆయమ్మ ఈ చీర ఒప్పుకుంటే సరి. ఒప్పుకోలేదంటే నువ్వు జకార్డు దిగి సాదా మగ్గానికి పో." పాతికేళ్లు జకార్డు మీద పెళ్లిచీరలు నేసినవాణ్ణి బొమ్మలేని గుడ్డకు పొమ్మనడం అంటే హెడ్‌మాస్టర్‌ను తీసుకుపోయి మళ్లీ ఒకటో తరగతిలో కూర్చోబెట్టడమే. ఆయన తల దించుకుని చీర మడత పెట్టాడు. నేను నా కుంచెలు కడుక్కుంటూ నిలబడ్డాను. అవి అప్పటికే శుభ్రంగా ఉన్నాయి.

టీచరుకు ధర్మవరందాకా వచ్చే తీరిక లేదు. మరుసటి రోజు మధ్యాహ్నం పెనుకొండ స్టేషనుకు వస్తానని, గంటన్నర తర్వాత వచ్చే రైల్లో తిరిగి పోతానని ఫోన్లో చెప్పింది. షావుకారు తాను రానన్నాడు. "గీసినోడూ, నేసినోడూ ఇద్దరూ పోయి మొగం చూపించి రాండి. నాకు ఆయమ్మ స్కేలు చూస్తేనే భయం."

రైల్లో నేనూ నేతగాడూ ఎదురెదురుగా కూర్చున్నాం. ఆయన చీర పెట్టెను ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. దారిలో వేయించిన చెనక్కాయలు కొన్నాడు. పొట్లంలో సగం నా చేతిలో పోశాడు. తిట్టి ఉంటే బాగుండేది. చెనక్కాయలు పెట్టేసరికి వాటిని అలాగే గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నాను.

పెనుకొండ ప్లాట్‌ఫారం మీద సిమెంటు బెంచీ. టీచరు చీర మడత విప్పి కొంగును బెంచీ మీద పరిచింది. తర్వాత సంచిలోంచి స్కేలు తీసింది. నేతగాడు కళ్లు మూసుకున్నాడు. ఆమె బంతిని అడ్డంగా కొలిచింది, నిలువుగా కొలిచింది, మళ్లీ అడ్డంగా కొలిచింది.

"అడ్డం ఇరవై, నిలువు పద్దెనిమిది," అంది. "ఎవరు నేసింది ఇది?"

ఆయన, క్లాసులో పేరు పిలవగానే లేచే పిల్లాడిలా, లేచి నిలబడ్డాడు. "నేనే మేడం. చెయ్యి బరువైంది. మన్నించండి."

"మన్నించేదేందప్పా? శనిగ్రహం అణిగి ఉంటాదని నీకెవరు చెప్పినారు?"

మేమిద్దరం మొహాలు చూసుకున్నాం.

"అది గుండ్రంగా ఉండదు. నేల మాదిరి గట్టిది కాదు, అంతా వాయువులే. దానికితోడు మాచెడ్డ వేగంగా తన చుట్టూ తాను తిరుగుతాది. పదిన్నర గంటల్లో దానికి ఒక దినం అయిపోతాది. ఆడపిల్ల లంగా వేసుకుని గిరగిరా తిరిగితే కుచ్చిళ్లు పక్కకు లేస్తాయి చూడు, అట్ల నడుం కాడ ఉబ్బి, పైనా కిందా అణుగుతాది. పదికి తొమ్మిది పాళ్లు. నువ్వు నేసింది సరిగ్గా అంతే ఉండాది. నేను ఇంతవరకూ చూసిన బొమ్మల పుస్తకాల్లో సగం దాన్ని గుండ్రంగానే వేస్తారు. నువ్వు వేయలే!"

అప్పటిదాకా దిగిపోయి ఉన్న నేతగాడి భుజాలు ఒక్కసారిగా లేచాయి. "అంత పెద్దది గదా మేడం, బరువెంత ఉంటాది?"

"పెద్దదే. మన భూమి లాంటివి కొన్ని వందలు లోపల పడతాయి. కానీ ఆ సైజుకు చాలా తేలిక, నీళ్లకంటే తేలిక. అంత పెద్ద నీళ్లతొట్టి దొరికితే అందులో తేల్తాది."

"అందుకేనేమో," అన్నాడు ఆయన, "ఏడున్నరేళ్లు నెత్తిన కూర్చున్నాడని అందరూ అనిరి గానీ, నాకేం బరువనిపించలే."

ఆమె గట్టిగా నవ్వింది. "ఆ ఏడున్నర ఊరికే పుట్టిన లెక్క కాదప్పా. చుట్టు తిరిగేకి ఇరవై తొమ్మిదిన్నరేళ్లు. పన్నెండు రాశులు. ఒక్కో రాశిలో ఇంచుమించు రెండున్నరేళ్లు. మూడు రాశులకు ఏడున్నర. లెక్క వరకూ నిజమే. పట్టేదీ వదిలేదీ మాత్రం నా సిలబస్‌లో లేదు."

అంతా బాగుందనుకుని నేను కూడా నవ్వడం మొదలుపెట్టాను. అప్పుడే ఆమె వేలు నా మొగ్గల మీద ఆగింది.

"ఇవేంటివి?"

"ఆధారం మేడం," అన్నాను గొప్పగా.

"దేనికి?"

"ఉంగరానికి. లేకుంటే పడిపోదా?"

"యాడికి పడుతుంది?" అంది.

ముప్పై ఏళ్లలో నన్నెవరూ అలా అడగలేదు.

"అది పళ్లెం కాదన్నా. మంచు ముక్కలు, రాళ్లు. దుమ్మంత చిన్నవి ఉంటాయి, ఇంటంత పెద్దవి ఉంటాయి. లెక్కలేనన్ని. దేని దారిలో అది పరిగెత్తుతాంటాది. పరిగెత్తుతాంటాయి కాబట్టే లోపలికి పడవు. దూరంనుంచి చూసే మనకు ఉంగరం మాదిరి అగపడతాది. యాడా ఏదీ తాకదు. ఇంకో సంగతి, అది ఎంత సన్నమంటే, ఆ వెడల్పుతో పోలిస్తే మీ పట్టుచీర కంబళి కింద లెక్క."

"నా చీర కంబళా?" అన్నాడు నేతగాడు. ఏల్నాటి శనికి కూడా ఆయన అంత నొచ్చుకుని ఉండడు.

"పదిహేనేళ్లకో తూరి అది అంచు మనవైపు తిప్పుకుంటాది. అప్పుడు మంచి దూరదర్శినికి గూడా ఉండీ లేనట్టే ఉంటాది. అంత సన్నం. అట్లాంటిదానికి మీరు మొగ్గలు పెట్టినారు. దీన్ని కట్టుకొని పోతే మా పిల్లలు నన్ను పీక్కుతింటారు. నేను కట్టుకోలేను." ఆమె గొంతులో నవ్వు పోయింది. చీరను నిమురుతూ ఉండిపోయింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయని నాకు తెలిసింది. ఇరవై తొమ్మిదిన్నరేళ్ల తర్వాత వచ్చిన రోజును నేను నాలుగు మొగ్గలతో పాడుచేశాను.

రైలుకు నలభై నిమిషాలుంది. నేతగాడు వంగి కొంగు తిరగేసి చూశాడు. "నాలుగు కాడలే గదా మేడం. జరీ పైపైన పోయింది, అడుగున పట్టు అట్లే ఉండాది. తీసేద్దాం." నేతగాళ్ల జేబులో చిన్న కత్తెర, చిమటా ఎప్పుడూ ఉంటాయి. రెండూ తీసి నా చేతిలో పెట్టాడు. "పెట్టింది నువ్వే గదా భాయ్. నువ్వే తియ్యి."

ఆయన కొంగు అడుగున రెండు చేతులూ పెట్టి గుడ్డను బిగువుగా పట్టుకున్నాడు. నేను కళ్లజోడు సర్దుకుని ఒక్కో జరీ పోగూ కత్తిరించి చిమటాతో లాగాను. కత్తెర మొన కాస్త జారితే చీర పోయినట్టే. రాలిన జరీ ముక్కలు గాలికి పోకుండా టీచరు స్కేలు అడ్డం పెట్టింది. మొదటి మొగ్గ వచ్చింది. రెండోది వచ్చింది. గుడ్డకు అటువైపు ఆయన వేళ్లు, ఇటువైపు నా వేళ్లు. మూడో మొగ్గ దగ్గర నా చెయ్యి ఆగిపోయింది.

"ఆ పొద్దు నీ మగ్గం మీద కొలవలే," అన్నాను. "తలుపు పక్క మగ్గం మీద కొలిచి పోయినా. నీ చెయ్యి తప్పు కాదు. నాదే."

ఆయన గుడ్డ మీంచి తల ఎత్తలేదు. "తెలుసు భాయ్. నేను పెళ్లినుంచి వచ్చేసరికి నా మగ్గం మీద గుడ్డకు దుమ్ము పట్టి అట్లే ఉండె. కొలిచింటే నీ వేళ్ల గుర్తులుండవా?"

"మరి షావుకారు ముందర యాల చెప్పలే?"

"నువ్వు చెప్తావేమోనని చూస్తి."

నాకు తల కొట్టేసినట్టయింది. నా వయసు అప్పటికి అరవైకి దగ్గర. ఆ ప్లాట్‌ఫారం మీద సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. ఆయన గొంతులో కోపం ఉంటే తట్టుకునేవాణ్ణి. లేదు. "కానీ భాయ్, రైలొస్తాది. ఇంకా రెండుండాయి," అన్నాడు, అంతే.

నాలుగూ వచ్చేశాయి. టీచరు కొంగు ఎత్తి వెలుతురుకు పట్టి చూసింది. అణిగిన బంతి, దాని చుట్టూ ఎక్కడా తాకని ఉంగరం. నిజం చెప్పొద్దూ, మొగ్గలున్నప్పటికంటే చాలా బాగుంది. హిందూపురం రైలొచ్చింది. ఆమె ఎక్కుతూ ఎక్కుతూ నేతగాడికి రెండు చేతులా నమస్కారం పెట్టింది. నాకు స్కేలు చూపించి బెదిరించింది.

మా ఇల్లు స్టేషనుకు పది నిమిషాల నడక. ఆ సాయంత్రం నేను ఇంటికి పోలేదు. నేతగాడితో పాటు మళ్లీ ధర్మవరం రైలెక్కాను. మా ఆవిడకు ఫోన్ చేస్తే, ఈ వయసులో డ్యూటీ తిరగబడిందా అని అడిగింది. షెడ్డుకు పోయి, అందరూ ఉండగా, షావుకారు ముందు నిలబడి ఎవరి మగ్గం మీద కొలిచానో, తప్పు ఎవరి మీద తోశానో చెప్పాను. షెడ్డులో మగ్గాలన్నీ ఆగిపోయాయి. షావుకారు ఆర్డరు పుస్తకం తెరిచి ఆ పేజీ తీశాడు. నన్ను పనిలోంచి తీసేస్తాడనే అనుకున్నాను.

"అయితే భాయ్," అన్నాడు చివరికి, "ఆ సామి నిజంగానే అణిగి ఉంటాడా?"

నేతగాడు జకార్డు మగ్గం దిగలేదు. చేతకాని రోజుదాకా దాని మీదే నేశాడు. ఆ తర్వాత నేను గీసిన ప్రతి గ్రాఫ్‌నూ షావుకారు కొనేవాళ్లకు ముందే చూపించమన్నాడు. కట్టుబాటు ఆయనే మార్చాడు. ఆఖరు క్లాసు అయ్యాక టీచరు పంపిన ఫోటోను మాత్రం ఫోన్లో పెట్టుకుని వచ్చినవాళ్లందరికీ చూపించి, "బంతిని పదికి తొమ్మిది పాళ్లకు అదమమని నేనే చెప్పినా" అనేవాడు. పేరు అడిగితే, ఇప్పటికీ ఉంగరం బంతే. ఫోటోలో ఆమె నల్లబల్ల ముందు కొంగు చాచి నిలబడి ఉంది. చుట్టూ పిల్లలు. క్లాసులో వచ్చిన మొదటి ప్రశ్న ఏమిటో కూడా రాసి పంపింది. "టీచర్, ఆ ఉంగరం కింద పడిపోదా?" అట. "మీరే గుర్తొచ్చినారన్నా" అని కింద రాసింది.

ఈమధ్య డిజైన్లు గీసే కుర్రాళ్లు ఇంటికి వస్తే, మీ పాత గ్రాఫ్‌లు చూపించండి అంటారు. చూపిస్తాను. కానీ వాళ్లు అడగనిది ఇంకొకటి నా దగ్గరుంది. ఆ రోజు బెంచీ మీద రాలిన ఆ నాలుగు మొగ్గల జరీ పోగులను నేతగాడు చెనక్కాయల కాగితంలో మడిచి, "ఇవి నీవి భాయ్" అని నా జేబులో పెట్టాడు. వాటిని నా కళ్లజోడు పెట్టెలో దాచుకున్నాను. ఏ చిన్న కొలత కొలవాలన్నా ముందు పెట్టె తెరవాలి, తెరవగానే మొదట అవే కనిపిస్తాయి.